ఆ శనివారం డ్యూటీ నాది

పదహారేళ్ళుగా నేనొక సాక్ష్యం మోస్తున్నాను. ఈ మాట మా చర్చి సంఘంలో ఎవరితోనైనా అంటే నవ్వుతారు. ఎందుకంటే చూసేవాళ్ళకు ఆ సాక్ష్యమే నన్ను మోస్తున్నట్టు కనబడుతుంది. దాని మీదెక్కి మద్రాసులోని తెలుగు సంఘాలన్నీ తిరిగాను. దండలు వేయించుకున్నాను. సంఘ పెద్దల బల్ల దగ్గర కుర్చీ సంపాదించాను. దిగి ఇంటికి నడిచేటప్పుడు మాత్రం బరువు నా భుజాల మీదే ఉండేది.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం. తెలిసినవాళ్ళకు చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో లెక్కలేదు. తెరిచిన ప్రతిసారీ ఆ నోరు పాట అందుకుంది. అలవాటుపడిన నోరు మరి.

మాది చింతాద్రిపేట. మా తాత మగ్గం మీద నేత నేశాడు, నేను కోతలు కోశాను. అదే మా వంశవృక్షం. మద్రాసుకు ఉత్తరాన, మనలి అనే చోట, ఒక కెమికల్ ఫ్యాక్టరీలో పంపు ఆపరేటరుగా పనిచేశాను. ఆరు రోజులు అక్కడ వాల్వులు తిప్పేవాణ్ణి, ఏడోరోజు చర్చిలో మాటలు తిప్పేవాణ్ణి. క్వయర్లో నాది మొదటి గొంతు. గొంతు ఒకటి బాగుంటే చాలు, మనిషి మొత్తం బాగున్నాడనుకుంటారు మా వాళ్ళు. నేనూ అలాగే అనుకున్నాను.

యేసురత్నం మా వెనక సందులో ఉండేవాడు. అదే ఫ్యాక్టరీ, అదే చర్చి. నాకంటే ఐదారేళ్ళు చిన్న. అతనిది మధ్యాహ్నం షిఫ్టు, నాది పొద్దున షిఫ్టు. అతనికి పాట రాదు. కీర్తనల పుస్తకం రెండు చేతులా పట్టుకుని, నోరు మెదపకుండా, మేము పాడుతుంటే సంతోషంగా చూస్తూ నిలబడేవాడు. వినడానికి కూడా ఒక మనిషి ఉండాలని నాకు తోచకముందే అతనికి తెలుసు.

డెబ్బైల మొదట్లో, ఒక నవంబరులో, పెరంబూరులో తెలుగు సంఘాల క్వయర్ల పోటీ పెట్టారు. శనివారం పొద్దున. సోలో నాకిచ్చారు. శనివారం పొద్దున నాకు డ్యూటీ. సెలవు అడిగితే సూపర్‌వైజర్ ఇవ్వడు. కానీ మాలో మాకు ఒక పద్ధతి ఉండేది: ఒకడి బదులు ఇంకొకడు నోటిమాట మీద వచ్చి నిలబడటం. కాగితం ఉండదు. పంపు దగ్గర మనిషి కనబడితే చాలు, సూపర్‌వైజర్ చూసీ చూడనట్టు పోయేవాడు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి నేను దిగుతున్నాను, రత్నం ఎక్కుతున్నాడు. గేటు దగ్గర పట్టుకున్నాను.

"రేపు పొద్దున నా బదులు వస్తావా రత్నం? పెరంబూరులో పోటీ."

"రాత్రి పదింటికి దిగి మళ్ళా పొద్దున ఆరింటికా? నేను మనిషినా, ఇంజన్నా అన్నా?"

"సోలో నాది రా."

"అట్ట చెప్పు. నువ్వు పాడకుంటే దేవుడికి ఆ పూట టిఫిను దిగదు గదా. సుమ్మా, ఊరికే పో అన్నా, నేను చూసుకుంటా."

ఇంతవరకు చెప్పడం తేలిక. ఇంతవరకు మా ఫ్యాక్టరీలో అందరూ చేసేదే. తర్వాతది ఎవరికీ తెలియదు. రత్నానికీ తెలియదు.

ఆ శుక్రవారం, దిగడానికి గంట ముందు, కాస్టిక్ సోడా పంపు దగ్గర పైపు జాయింటు చెమ్మగిల్లడం చూశాను. బొట్టు బొట్టుగా కారుతోంది. అది చర్మం మీద పడితే చర్మం ఊడివస్తుంది. కారితే ఏం చేయాలో గోడ మీదే రాసిపెట్టి ఉంది: పంపు ఆపాలి, షిఫ్టు పుస్తకంలో రాయాలి, ఫిట్టరు వచ్చి చూసేదాకా అక్కడే ఉండాలి. ఫిట్టరు ఎప్పుడొస్తాడు? సాయంత్రం కావచ్చు. నాలుగింటికి చర్చిలో ఆఖరి ప్రాక్టీసు. పంపు ఆపాను. జాయింటుకు గోనెగుడ్డ చుట్టి సుతిలి తాడుతో కట్టాను. అక్కడ సగం పైపులకు అలాంటి గుడ్డలే ఉండేవి, చూసినవాడికి అనుమానం రాదు. పుస్తకం తెరిచాను. "అంతా సరిగా ఉంది" అని రాసి సంతకం పెట్టాను. ఆ పంపు పొద్దున షిఫ్టులోనే నడుస్తుంది గనక మధ్యలో ఎవరూ దాని జోలికి రారు. పొద్దున వచ్చేవాడికి నోటితో చెబితే సరిపోతుందనుకున్నాను.

పొద్దున వచ్చేవాడు గేటు దగ్గర ఎదురుగా నిలబడి నవ్వుతుంటే, నేను సోలో గురించి చెప్పాను.

మరిచిపోయానా? మరిచిపోయాననే చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు గట్టిగా అడిగితే నాలోంచి వచ్చే జవాబు వేరు. జాయింటు కారుతోందని చెబితే అతను "అయితే రానన్నా" అంటాడేమోనన్న అనుమానం నా మనసులో ఎక్కడో ఒక మూల ఉంది, ఆ మూల వైపు నేను చూడదలుచుకోలేదు. మరుపుకూ మరుగుకూ మధ్య ఎంత దూరం? నేను ఇప్పటికీ కొలవలేకపోయాను.

పోటీలో మాకు రెండో బహుమతి వచ్చింది. ఒక మనిషికి రెండు కళ్ళూ పోయిన రోజున మాకు రెండో బహుమతి. భోజనాల దగ్గర ఉండగా మా ఫ్యాక్టరీ మనిషి ఒకడు సైకిల్ మీద వచ్చి చెప్పాడు. పంపు వేయగానే జాయింటు పగిలింది. కాస్టిక్ సూటిగా ముఖం మీద కొట్టింది.

బుధవారం గాని ఆసుపత్రికి వెళ్ళలేదు. ముఖమంతా కట్లు. ఏం మాట్లాడాలో తెలియక పాట పాడాను. అవును, పాడాను. వార్డులో వాళ్ళు బాగుందన్నారు. పాట అయ్యాక రత్నం మెల్లగా చెప్పాడు: ఆఫీసు వాళ్ళు వచ్చి నీ డ్యూటీ కాని చోటికి ఎందుకు వెళ్ళావని అడిగారట. తను ఏమీ చెప్పలేదట. అన్నని అడగండి, ఆయన చర్చిలో పెద్దమనిషి, ఉన్నది ఉన్నట్టు చెబుతాడు అన్నాడట.

అంతకు రెండు రోజుల ముందే సూపర్‌వైజర్ నన్ను గదిలోకి పిలిచాడు. తన ఉద్యోగం కూడా పోయేలా ఉంది. శుక్రవారం తేదీ వేసిన సెలవు కాగితం ఒకటి నా ముందు పెట్టాడు. నేను సోమవారం దాని మీద సంతకం చేశాను. విచారణ రోజున ఆఫీసు వాళ్ళు ముగ్గురు కూర్చుని టీ తాగుతూ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: నువ్వు పంపితే వచ్చాడా? తెలియదు సార్, నేను సెలవులో ఉన్నాను అన్నాను. బైబిల్లో గురువును ఎరగనన్న శిష్యుడికి కూసిన కోడి నాకు కూయలేదు. మనలిలో కోళ్ళెక్కడివి? పన్నెండింటి సైరన్ కూసింది. అర్థం చేసుకునేవాడికి అది చాలు. నేను అన్నం క్యారియర్ తీసుకుని క్యాంటీన్‌కు వెళ్ళాను.

రత్నం తనంతట తాను వచ్చి, తనది కాని పంపు వేసి, సరిగా తిప్పడం చేతకాక ప్రమాదం తెచ్చుకున్నాడని కాగితం తయారైంది. డ్యూటీలో దెబ్బ తగిలినవాళ్ళకు టెలిఫోను గదిలోనో గేటు దగ్గరో కూర్చునే ఉద్యోగం ఇచ్చేవారు. రత్నానికి అదీ రాలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే నేను మామూలు పిరికివాణ్ణి. మామూలుగా ఉండటం నాకు చేతకాదు కదా.

మా సంఘంలో జనవరిలో కృతజ్ఞత ఆదివారం అని ఒకటి ఉంటుంది. ఇంటికొకరు లేచి, గడిచిన ఏడాదిలో దేవుడు చేసిన ఒక మేలు చెప్పాలి. చెప్పగానే సంఘమంతా ఒక చరణం పాడుతుంది. వెనక్కి తిరిగి చూసుకోండి, ఆయన నడిపించిన దారి కనబడుతుంది, ముందుకు నడవడానికి బలం వస్తుంది అనేవారు మా పాస్టరు అయ్యగారు. మంచి మాటే. నేను ఇప్పటికీ నమ్ముతాను. కానీ లేవకుండా కూర్చున్న ఇంటి గురించి ఆ వారమంతా సందుల్లో గుసగుసలు నడుస్తాయి, ఆ ఇంట్లో ఏదో ఉందని. అందుకని అందరూ లేస్తారు. ఒకాయన తనను కరిచిన కుక్క పిచ్చిది కాదని మేలు చెప్పాడు. మంచి సాక్ష్యమైతే పెయింటరును పిలిపించి, చర్చి గోడ మీది చెక్కబోర్డు మీద ఒక వాక్యంగా రాయించేవారు.

నా వంతు వచ్చింది. లేవకూడదనే అనుకున్నాను, ఒట్టు. కానీ అయ్యగారే నా పేరు పిలిచి, మన తమ్ముణ్ణి దేవుడు ఎలా తప్పించాడో విందాం అన్నారు. లేచాను. లేచాక నేను నేను కాదు, గొంతు. ఆ పొద్దున నేను ఆ పంపు దగ్గర ఉండవలసినవాణ్ణి అన్నాను. అది నిజం. ఆయన నన్ను తన స్తుతి కోసం పిలుచుకున్నాడు అన్నాను. అది కూడా నిజమేననుకున్నారు. నేను ఆయన కోసం పాడుతున్న గడియలోనే అక్కడ పైపు పగిలింది అన్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి ఏడుపు వినబడింది. ఆ ఏడుపు నాకు పక్కన తాళం వాయించినట్టయింది. ఆఖరున, "పాడేవాణ్ణి కాపాడాడు!" అన్నాను. చర్చి దద్దరిల్లింది. మాటల గారడీ నాకు పుట్టుకతో వచ్చింది. పాట పాడాను, పక్కవాడి బతుకు పాడుచేశాను అన్న గారడీ కూడా అదే నోటికి వచ్చేదే. ఆ రోజు రాలేదు.

ఒక్క అబద్ధం కూడా ఆడలేదు చూడండి. ఒక మనిషి పేరు వదిలేశానంతే.

కూడిక అయ్యాక వరండాలో చెప్పులు వెతుక్కుంటున్నాను. వెనక నుంచి ఎవరో నా చొక్కా పట్టుకున్నారు. రత్నం. నల్ల కళ్ళద్దాలు. ఆఖరి వరసలో కూర్చున్నాడట, నేను చూడలేదు. పక్కన భార్య సుగుణమ్మ.

"అన్నా, నువ్వేగా?"

"నేనే రత్నం."

"బలే చెప్తివన్నా. వింటా ఉంటే నాకే ఏడుపొచ్చేసింది."

నేను దొరికిన చెప్పులో కాలు దూర్చాను.

"ఒకటి అడుగుతా, కోపం చేసుకోబాక. పాడేవాణ్ణి కాపాడినాడు, శరి. పోయి పాడమని పంపించినోణ్ణి ఏం చేసినాడన్నా?"

చుట్టూ జనం. ఎవరో నా భుజం తట్టి వెళ్ళారు. నేను గొంతు తగ్గించాను.

"వచ్చే వారం చెప్తాను రత్నం. అంతా సరిగ్గా చెప్తాను."

"చెప్పు చెప్పు. ఆదివారాలకేమన్నా కరువా?"

సుగుణమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "రాండి, బస్సు పోతాది," అంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

ఆదివారాలకు కరువు లేదు. వచ్చాయి, పోయాయి. రత్నం వాళ్ళు చింతాద్రిపేటలో అద్దె కట్టలేక ఎన్నూరు వెళ్ళిపోయారు, సుగుణమ్మ పుట్టింటికి. బోర్డు మీద నా వాక్యం తెల్లటి ఎనామిల్ అక్షరాల్లో ఎక్కింది. నన్ను ఇతర సంఘాలకు పిలిచారు. మొదట్లో చెప్పేటప్పుడు కాళ్ళు వణికేవి. వణుకు కూడా బాగుందనేవారు. తర్వాత తర్వాత వణకడం మానేశాయి. మనకు జరిగితే మేలు, పక్కవాడికి జరిగితే శోధన. ఈ ఒక్క ముక్క మీద నేను ఎన్ని ప్రసంగాలు నిలబెట్టానో!

నిజం చెప్పకపోవడానికి నాకొక పవిత్రమైన సాకు కూడా దొరికింది. పెరంబూరులో ఒక తల్లి, కొడుకు టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు మీ సాక్ష్యమే నన్ను నిలబెట్టిందని నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. ఇక చెప్పడమెలా? నేను నిజం చెబితే ఆమె విశ్వాసం కూలిపోదా? ఆమె కోసం ఊరుకుంటున్నాను అనుకున్నాను. ఇంకా చెప్పాలంటే దేవుడి కోసం ఊరుకుంటున్నాను అనుకున్నాను. ఆయన నమ్మకత్వం నా అబద్ధాన్ని ఆనుకుని నిలబడి ఉన్నట్టూ, నేను పక్కకు జరిగితే ఆయన పడిపోతాడన్నట్టూ. అంతటి స్తంభాన్నా నేను? ఆ తల్లి నమ్మింది దేవుణ్ణి. నన్ను కాదు. అది తెలుసుకోవడానికి నాకు పదహారేళ్ళు పట్టింది.

ఒకసారి ఎన్నూరు వెళ్ళాను. పోటీ జరిగిన ఏడేళ్ళకో ఎనిమిదేళ్ళకో. రోడ్డుకు ఇవతల నిలబడ్డాను. లారీలు పోతున్నాయి, ఆకుల మీద థర్మల్ స్టేషన్ బూడిద. అవతల, ఇంటి ముందు, రత్నం ప్లాస్టిక్ వైరుతో కుర్చీ అల్లుతున్నాడు. నాకు దగ్గు వచ్చింది. అతను తలెత్తి ఇటు తిరిగాడు. అంత రద్దీలో నా దగ్గు వినబడిందో లేదో తెలియదు. తర్వాతి బస్సెక్కి తిరిగి వచ్చేశాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటారా? ఈ మధ్య మా క్వయర్లో పాడే ఒక నర్సమ్మ, వార్డులో తన డ్యూటీని నోటిమాట మీద ఇంకొకామెకు అప్పగించి ప్రాక్టీసుకు వచ్చింది. ఏమ్మా, ఫరవాలేదా అన్నాను. "పాడేవాళ్ళను కాపాడతాడని మీరే గదా అన్నా చెప్పింది," అని నవ్వింది. వార్డులో ఏమీ జరగలేదు. అందరూ క్షేమమే. నాకు మాత్రం ఆ సాయంత్రం పాట రాలేదు. నోరు తెరిస్తే గాలి వచ్చింది. మర్నాడు ఎన్నూరు బస్సెక్కాను. ఈసారి రోడ్డు దాటాను.

"ఎవురూ?" అన్నాడు. చెప్పాను.

"రా అన్నా, కూర్చో. మా ఇంట్లో కుర్చీలకు కొదవ లేదు."

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. నేనే రమ్మని అడిగాను, విచారణలో తెలియదన్నాను, సెలవు కాగితం తర్వాత సంతకం చేశాను. అతని చేతులు వైరు లాగుతూనే ఉన్నాయి.

"అదంతా నాకు తెలిసిందే గదా. తెలిసినోడికి చెప్పేదానికి ఇంత దూరం వస్తివా?"

అప్పుడు జాయింటు సంగతి చెప్పాను. ముందురోజే కారిందని. గోనెగుడ్డ చుట్టానని. రాయలేదని.

చేతులు ఆగిపోయాయి.

"ముందు దినమే చూసినావా?"

"చూశాను."

వైరును ఒళ్ళోకి వదిలేశాడు. తర్వాత లోపలికి తిరిగి కేక వేశాడు. "సుగుణా, ఇట్ట రా. అన్న ఏందో చెప్తాండాడు, ఇను. మళ్ళా చెప్పన్నా."

ఆమె రొయ్యలు వలుస్తున్న చేతులతోనే వచ్చి నిలబడింది. మళ్ళీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమని నాకు అప్పుడు తెలిసింది. సాక్ష్యాన్ని వందసార్లు చెప్పినవాణ్ణి నేను.

"నేనే ఏదో వాల్వు తప్పు తిప్పినాననుకుంటా ఉండానన్నా ఇన్నేళ్ళు," అన్నాడు రత్నం. "ముందు ఏది తిప్పితి, తర్వాత ఏది తిప్పితి అని. యాడ తప్పు చేసినానో ఎంత ఆలోచించినా తెలీలే."

"నిద్దర్లో గూడా చెయ్యి తిప్పతానే ఉంటాడు," అంది సుగుణమ్మ. నాతో కాదు. ఎవరితోనూ కాదు.

నేను అతని ఉద్యోగం తీసుకున్నాననుకున్నాను. పేరు తీసుకున్నాననుకున్నాను. తన చేతుల మీద తనకుండే నమ్మకాన్ని కూడా తీసుకున్నానని నాకు తెలియదు. దేవుడి నమ్మకత్వం గురించి ఊరూరా చెప్పినవాణ్ణి, నన్ను నమ్మినవాడికి అతని చేతులమీదే నమ్మకం లేకుండా చేశాను.

క్షమించమని అడగబోయాను. అడగలేదు. అడిగితే ఇచ్చేస్తాడేమోనని భయం వేసింది. ఇవ్వడం అతనికి అలవాటు. పుచ్చుకోవడం నాకు అలవాటు. అతనూ ఆ మాట ఎత్తలేదు. వైరు కొస వెతుక్కుని, మళ్ళీ అల్లడం మొదలుపెట్టి, "ఈడ చెప్పింది చాలదన్నా. నువ్వు యాడ పాడినావో ఆడ చెప్పు," అన్నాడు. అంతే. సుగుణమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

వెనక్కి తిరిగి చూసుకోమన్నారు అయ్యగారు. ఇప్పుడు చూస్తున్నాను. దేవుడు నమ్మదగినవాడని పదహారేళ్ళు పాడాను. ఆ మాట అబద్ధం కాదు, పాడిన నోరే అబద్ధం. ఆ శనివారం ఆయన నన్ను కాపాడాడా? నాకు తెలియదు. ఇంత మాట కూడా తెలియదని చెప్పడం నాకు కొత్త. నాకు తెలిసింది ఇంతే: రాత్రి పదింటికి పని దిగిన ఒక మనిషి, నాకిచ్చిన మాట కోసం, తెల్లవారకముందే లేచి మనలి బస్సెక్కాడు. ఆ ఏడాది నాకు జరిగిన మేలు అతనే. ఇన్నేళ్ళలో ఏ పూటా నన్ను సుఖంగా మరిచిపోనివ్వకపోవడం, అది మాత్రం దేవుడి పనే అనుకుంటాను. ఆయన నన్ను వదల్లేదు. వదిలి ఉంటే బాగుండునని ఎన్నిసార్లో మొక్కుకున్నాను. విననట్టే ఉన్నాడు. అందుకు స్తోత్రం చెప్పాలా? ఇంకా నోరు రావడం లేదు.

వచ్చే ఆదివారం చర్చిలో లేచి చెబుతానని మీకు మాట ఇవ్వను. ఆ మాట నా నోట్లో ఎప్పుడో చెడిపోయింది. అందుకే రాస్తున్నాను. నా పేరు పెట్టడం లేదు. ఆ పిరికితనం ఇంకా మిగిలే ఉంది. కానీ మా సంఘం వాళ్ళు రెండో పేరా దాటకముందే నన్ను గుర్తుపడతారు. పట్టనివ్వండి. రాస్తుంటే చేతికి కొంచెం తేలికగా ఉంది. ఆ తేలిక నాకు రావలసింది కాదు, అయినా ఉంది.

పేరు ఒకటి రాయాలి. యేసురత్నం. మనలిలో ఆ శనివారం పొద్దున షిఫ్టు నాది. అతన్ని రమ్మని అడిగింది నేను. జాయింటు కారడం ముందురోజు చూసి, గుడ్డ చుట్టి, అంతా సరిగా ఉందని రాసి వెళ్ళింది నేను. యేసురత్నం ఏ వాల్వూ తప్పు తిప్పలేదు.